‘కాంపోజిట్ డేటాసెట్’కి తెలుగు మాట?

ప్రశ్న: గెలాక్సీ (బ్రౌజరులోనే జీవశాస్త్ర డేటాని విశ్లేషించే వేదిక) వాడే జీవశాస్త్రం విద్యార్థుల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థలున్న హైదరాబాదులో ఇలాంటివి అడిగేవాళ్లకి కొదవ లేదు. కొన్ని ఫైళ్లు కలిసి ఒకే డేటాసెట్‌గా ఉండే ‘కాంపోజిట్’ దగ్గర ఆగిపోయాను. ‘మిశ్రమ దత్తాంశం’ అన్నారొకరు, ‘సమూహం’ అన్నారింకొకరు. ‘కలెక్షన్’ అని గెలాక్సీలో వేరేది ఉంది. రెంటికీ విడివిడి మాటలు కావాలి.

జవాబు: ‘మిశ్రమ’ వద్దండీ. మిశ్రమంలో ఏది ఎక్కడుందో తెలియదు. ఇక్కడ ఏ ఫైలుకా ఫైలు విడిగానే ఉంటుంది. జన్యు డేటాని విశ్లేషించే ప్లింక్ అనే ప్రోగ్రాము వాడే మూడు ఫైళ్లు, బెడ్, బిమ్, ఫ్యామ్ చూడండి. బెడ్‌లో జన్యురూపాలు మాత్రమే, ఒక్కో బైటుకి నాలుగు చొప్పున. మనిషి పేరుండదు, మార్కరు (డీఎన్ఏలో మనిషికీ మనిషికీ తేడా చూసే చోటు) పేరుండదు. మనుషుల జాబితా ఫ్యామ్‌లో, మార్కర్ల జాబితా బిమ్‌లో. ఫ్యామ్‌లో రెండు వరుసలు తారుమారైతే ఏ ఎర్రరూ రాదు, ఒకరి జన్యురూపం ఇంకొకరి పేరున పడుతుంది. అందుకే మూడూ ఒకేసారి ఎక్కించాలి: అప్‌లోడ్‌లో కాంపోజిట్ ట్యాబ్, రకం ‘పీబెడ్’ (ఈ మూడు ఫైళ్ల కట్టకి గెలాక్సీ పెట్టిన పేరు), ఆపైన ఒక్కో ఫైలుకి ఒక్కో గడి. హిస్టరీలో (గెలాక్సీలో మన డేటా జాబితా) చివరికి కనబడేది ఒక్కటే.

జవాబు: అయితే ‘సంయుక్తం’ అనండి. సంయుక్తాక్షరం మనకి బళ్లోనే తెలుసు. క్ష టైపు చేస్తే కంప్యూటరు దాచేది క, పొల్లు, ష. తెరమీద ఒకే అక్షరం. ప్లింక్‌వి మూడు ఫైళ్లు కాబట్టి, మూడు హల్లులు కలిసే సంశ్లేషాక్షరం అనాలేమో, పంతులుగారు ఊరుకోరు! కలెక్షన్‌కి ‘సంపుటి’ సరిపోతుంది. కథల సంపుటిలో ఏ కథైనా విడిగా చదువుకోవచ్చు, కలెక్షన్‌లో ఏ ఫైలైనా విడిగా వాడుకోవచ్చు.

జవాబు: సంపుటి బాగుంది. ‘సంయుక్త దత్తాంశం’ మాత్రం ప్రభుత్వ ఉత్తర్వులా ఉంది. స్క్రీన్ మీద బటన్ ఇంగ్లీషులోనే ఉంటుంది కదా, పిల్లాడు దేన్ని నొక్కాలి? బటన్ పేరు కాంపోజిట్ అనే ఉంచి, వివరణలో సంయుక్తం వాడండి.

అడిగినవారు: అలాగే రాస్తాను. ‘కాంపోజిట్ ట్యాబ్ నొక్కండి. ఇది సంయుక్త డేటా: ఏ ఒక్క ఫైలు లేకపోయినా మిగతావి పనికిరావు.’ మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇమేజింగ్ (నమూనాలో ఏ చోట ఏ అణువులున్నాయో చూపే పద్ధతి) వాళ్ల ఐఎంజెడ్ఎంఎల్, ఐబీడీ ఫైళ్ల జతకీ ఇది వర్తిస్తుంది. ఆ రెండు ఫైళ్లలోనూ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది, జత తప్పితే దాన్నిబట్టి పట్టుకోవచ్చు.

జవాబు: బెడ్ గురించి ఒక ముక్క చేర్చండి. క్రోమోజోమ్, మొదలు, చివర రాసుకునే మామూలు టెక్స్ట్ ఫైలు పేరూ బెడ్డే. ప్లింక్‌ది బైనరీ. పేరు చూసి మామూలు ట్యాబ్‌లో వేసేవాళ్లు తప్పకుండా ఉంటారు.