పాత .315కు కొత్త చెక్కా, కస్టమ్ రైఫిలా?

అన్నలకు నమస్తే. మాది దేవరకొండ దిక్కు. పంట రక్షణ లైసెన్స్ మీద .315 బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకు చేత్తో బోల్ట్ లాగేది) రైఫిల్ ఉంది, నాయనది. రేంజ్‌లో 50 మీటర్లకు ఐదు తూటాలు కాలిస్తే మొదటి రెండు పక్కపక్కనే పడుతున్నయి. నాలుగోది, ఐదోది జానెడు కుడికి పోతున్నయి. బ్యారెల్ శుభ్రం చేసిన, స్క్రూలు బిగించిన, తూటాల బ్యాచ్ మార్చిన. అదే తీరు. బ్యారెల్ కింద ఉండే ముందు భాగం చెక్క విప్పితే వెంట్రుకంత పగులు కనిపించింది, గోటికి తగులుతది. బ్యారెల్‌కు, చెక్కకు నడుమ కాగితం పెడితే కుడి పక్క దూరుతుంది, ఎడమ పక్క దూరుతలేదు. బ్యారెల్ వేడెక్కినంక ఎడమ పక్క చెక్క ఆని దాన్ని కుడికి నెడుతుందని నా అనుమానం. లైసెన్స్ ఉన్న తుపాకుల మిస్త్రీ ఒకాయన నా భుజం కొలతకు వాల్‌నట్ చెక్క చేస్తనంటున్నడు. నాయన చేతిది, వదలబుద్ధి అయితలేదు. ఇట్లాంటి పగులుకు చెక్క మార్పించినవాళ్లు చెప్పండి: గురి కుదిరిందా, లేక కస్టమ్ రైఫిల్ (మన కొలతకు చేయించేది) కొనుడే మేలా?