ఖండాంతరంలో ‘అంతరం’ ఏది?

గోదారిగట్టు: 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో జరిగిన సామ్రాజ్యవాద వ్యతిరేక మహాసభ మీద వ్యాసం రాస్తున్నా. నెహ్రూ, ఇండోనేషియా హట్టా, దక్షిణాఫ్రికా గుమెడె అందరూ ఒకే చోట! శీర్షికకి శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ గీతంలోని పాదం ఒకటి నాలుక మీద ఆడుతోంది: ‘ఖండాంతర జాతులన్నీ’. ఇక్కడ ఖండాంతర అంటే వేరే ఖండాలనా, ఖండాల మధ్య అనా?

పాతపుస్తకాలు: ‘ఖండాంతర నానాజాతులు’ అండీ. మీరు రాసినదానికి 13 మాత్రలే వస్తున్నాయి. ఆ గీతం నడక 14. ‘పరపీడన పరాయణత్వం’ లెక్కేసి చూడండి.

నిఘంటువు పురుగు: దేశాంతరం పోయాడంటే వేరే దేశం పోయాడని. గ్రామాంతరం కూడా అంతే. కనుక వేరే ఖండాలే. అయిపోయింది.

పాతబస్తీ: ఎక్కడ అయింది? ఖండాంతర క్షిపణి అంటే వేరే ఖండపు క్షిపణా?

నిఘంటువు పురుగు: పేపరు వాళ్ల సమాసాన్ని తెచ్చి శ్రీశ్రీకి అంటగట్టకండి.

పాతపుస్తకాలు: అసలు మాట ‘నానా’. అప్పట్లో జెనీవాలోని లీగ్ ఆఫ్ నేషన్స్‌ని మనవాళ్లు నానాజాతి సమితి అనేవారు. చైనాలోని మంచూరియాని ఆక్రమించడాన్ని తప్పుపట్టారని జపాన్ 1933లో సమితి నుంచి లేచి వెళ్లిపోయింది. 1935లో ఇటలీ అబిసీనియా (నేటి ఇథియోపియా) మీద పడితే ఆంక్షలైతే పెట్టారు గానీ చమురు జోలికి పోలేదు. మరుసటేడు జూన్‌లో ఆ దేశపు చక్రవర్తి హైలీ సెలాసీ స్వయంగా వచ్చి సభను నిలదీశాడు. జులైకల్లా ఆ ఉన్న ఆంక్షలూ ఎత్తేశారు! ఆ సమితిలో చోటులేని నానాజాతులు వీరయ్యా అని కవి ఎత్తిపొడుపు. నేను నమ్మేది ఇదే.

పాతబస్తీ: ఆ గీతంలో కవి పేర్కొన్నది చైనా రిక్షావాలా, చెక్ గనిపనిమనిషి, ఐర్లాండు ఓడ కళాసీ. ఈ మూడు దేశాలూ సమితి సభ్యులే మాష్టారూ! చైనా, చెకొస్లొవాకియా 1920 నుంచీ, ఐర్లాండు 1923 నుంచీ. వలసగా ఉంటూనే మనమూ మొదటినుంచీ సభ్యులమే. 1937లో సమితి సభాధ్యక్షుడు మన ప్రతినిధి ఆగాఖాన్.

పాతపుస్తకాలు: దేశాలకి కుర్చీలు వేశారు, నిజమే. రిక్షావాలాకి వేశారా?

నిఘంటువు పురుగు: చిక్కంతా ‘జాతి’తో. 1919లో పారిస్ శాంతి సభలో జపాన్, సమితి ఒడంబడికలో జాతి సమానత్వం చేర్చమంది. ఒడంబడిక రాసే సంఘంలో 17 మందిలో 11 మంది సరేనన్నారు. ఏకగ్రీవం లేదని అధ్యక్షత వహించిన అమెరికా అధ్యక్షుడు విల్సన్ తోసిపుచ్చాడు. రేస్, నేషన్ రెండూ మనకు జాతే కదా! జాతి సమానత్వం ఒప్పుకోని నానాజాతి సమితి!

బెజవాడ జంక్షన్: నాదో సందేహం. స్పెయిన్ అంతర్యుద్ధంలో అంతర్జాతీయ బ్రిగేడ్లు పోరాడాయి అంటాం. మొదటి ‘అంతర్’ లోపల, రెండోది మధ్య. ఒక్క వాక్యంలో ఒకే ముక్కకి రెండర్థాలు ఎలా?

నిఘంటువు పురుగు: సంస్కృతంలో ‘అంతర్’కి రెండూ ఉన్నాయి. శ్రీశ్రీది మాత్రం ‘అంతర’. ఆ పొల్లు ‘ర్’కీ ఈ ‘ర’కీ ముడి పెట్టకూడదు.

పాతబస్తీ: ‘ర’ అయినా ఎడం అనే అర్థం ఉంది కదా! అంతరం తగ్గింది అనమూ?

గోదారిగట్టు: అయ్యా, శీర్షిక రేపు పంపాలి. వేరే ఖండాలా, మధ్యా?

పాతపుస్తకాలు: ఏదో ఒకటి పెట్టండి, పాదం గొప్పది. ఇంతకీ అది ‘కళాసీ’నా, ‘ఖలాసీ’నా? ఈ గీతమున్న ‘మహాప్రస్థానం’ 1950 నాటి మొదటి అచ్చు ఎవరి దగ్గరైనా ఉందా?

బెజవాడ జంక్షన్: ఖలాసీయే ఉండాలి. రైల్వేలో మేం అలాగే అంటాం.

నిఘంటువు పురుగు: రైల్వే ప్రమాణం కాదు.