ఎమ్మెల్యేకి సైకిల్, ఎంపీకి ఫ్యాన్: కాళహస్తి ఓటరు తెలిసి నొక్కాడా, పొరపాటున నొక్కాడా?

సన్నిధివీధి:
2024 ఫలితం నాకు ఇంకా మింగుడు పడలేదు. తిరుపతి లోక్‌సభ కింద సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు ఉన్నాయి. ఏడూ కూటమి గెలిచింది. మన దగ్గర బొజ్జల సుధీర్ రెడ్డికి 40 వేల పైన మెజారిటీ. ఎంపీగా మాత్రం వైసీపీ గురుమూర్తి 14 వేల చిల్లరతో బయటపడ్డాడు. ఒకే మనిషి ఒకే బూత్‌లో రెండు రకాలుగా నొక్కాడంటే అది పొరపాటే. ఎంపీ సీటు పొత్తులో బీజేపీకి పోయింది కాబట్టి ఆ మిషన్ మీద సైకిల్ లేదు. ముసలోళ్లు వెతికి వెతికి, తెలిసిన గుర్తు ఫ్యాన్ కనపడితే నొక్కేసినారు.

పానగల్:
సైకిల్ కనపడకపోతే సైకిల్ అభిమాని ఫ్యాన్ నొక్కుతాడా? ఏం మాటన్నా ఇది! 1999లో కూడా పొత్తులో ఈ సీటు బీజేపీకే ఇచ్చినారు, ఎన్. వెంకటస్వామి గెలిచినాడు. అప్పుడు కనపడిన కమలం ఇప్పుడు కనపడలేదా? అభ్యర్థిని చూడండి. వరప్రసాదరావు 2014లో ఫ్యాన్ మీద ఎంపీ, 2019లో ఫ్యాన్ మీదే గూడూరు ఎమ్మెల్యే, 2024లో కమలం. గురుమూర్తిది ఏర్పేడు మండలం మన్నసముద్రం, మన నియోజకవర్గమే. జనం ఆలోచించి వేసినారు.

టీకొట్టు:
పోలింగ్ రోజు మా వీధిలో అందరూ ఆలోచించింది కవరు ఎప్పుడొస్తుందనే.

సన్నిధివీధి:
@పానగల్ పార్టీ మారినోణ్ణి ఓడిస్తారా? మరి ఆరణి శ్రీనివాసులు? 2019లో చిత్తూరులో ఫ్యాన్ మీద ఎమ్మెల్యే. 2024లో తిరుపతికి వచ్చి గాజు గ్లాసు మీద 60 వేల పైన మెజారిటీ కొట్టినాడు. సత్యవేడు ఆదిమూలం కూడా ఫ్యాన్ నుంచి సైకిల్‌కి మారి గెలిచినాడు. చింతా మోహన్ 1984లో సైకిల్ మీద ఎంపీ అయ్యి, తర్వాత కాంగ్రెస్ తరఫున మళ్లీ మళ్లీ గెలవలేదా? మన పక్క పార్టీ మారడం తప్పెప్పుడయింది?

పానగల్:
ముందు ముసలోళ్ల సంగతి తేల్చండి. మా నాయనకు ఎనభై దాటినాయి, ఏ గుర్తు ఎక్కడుందో మీకంటే బాగా చెబుతాడు.

సన్నిధివీధి:
మీ నాయన సంగతి నాకెందుకు? 2021 ఎంపీ ఉప ఎన్నికలో నేను బూత్‌కి పోయేసరికే నా ఓటు ఎవరో వేసి పోయినారు. టెండర్ ఓటు, అంటే మిషన్ మీద కాకుండా విడిగా కాగితం మీద ఓటు, వేసుకోమన్నారు. ఆ ఓటు ఏ పెట్టెలో మగ్గుతోందో! టీడీపీ, బీజేపీ రెండూ దొంగ ఓట్లని మొత్తుకున్నాయి. చివరికి 2.71 లక్షల మెజారిటీ అన్నారు. మీరేమో ఓటరు తెలివి అంటున్నారు.

ఏర్పేడు బస్సు:
అడిగింది 2024 గురించి. 2021 ఎందుకొచ్చింది మధ్యలో?

పానగల్:
ఎందుకంటే 2024కి ఆయన దగ్గర జవాబు లేదు.

సన్నిధివీధి:
నీతో మాట్లాడడం నాదే బుద్ధి తక్కువ. అయినా ఎంపీ సీటు ఎటూ ఎస్సీ రిజర్వుడు. ఎవరొస్తే మనకేం? ఊరికి పనులు చేసేది ఎమ్మెల్యే. అందుకే ఎంపీ మిషన్ దగ్గర ఎవరూ పెద్దగా చూసుకోరు.

కలంకారి:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా. ఇప్పుడు బయటపడింది మీ మనసులో ఉన్నది. మాది ఎస్సీ కాలనీ. కాళహస్తి అసెంబ్లీ సీటు జనరల్. దాంట్లో మావాడికి పెద్ద పార్టీ ఏదైనా టికెట్ ఇస్తుందా? మావాళ్లు నిలబడేది ఆ ఎంపీ సీటులోనే. దాన్ని మీరు లెక్కలోకే తీసుకోరు, మేము లెక్కపెట్టి వేస్తే పొరపాటంటారు.

మా అమ్మకు చదువు రాదు. గులాబీ కాగితం ఎమ్మెల్యేకి, తెల్లది ఎంపీకి అని ఆమెకు తెలుసు. ఒకదాంట్లో సైకిల్, ఒకదాంట్లో ఫ్యాన్ నొక్కి, రెండుసార్లూ అద్దంలో చీటీ పడేదాకా చూసి వచ్చింది.

పానగల్:
నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే కదా తమ్ముడూ!

కలంకారి:
మీరు చెప్పిందీ అది కాదన్నా. మన్నసముద్రం పక్కనే ఉందని, వరప్రసాదరావు పార్టీ మారినాడని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. బీజేపీకి నాలుగు వందల సీట్లొస్తే రాజ్యాంగం మార్చేస్తారన్న మాట ఆ నెలంతా మా ఫోన్లలో తిరిగింది. ఎమ్మెల్యేకి సైకిల్ వెయ్యడానికి అభ్యంతరం లేదు, కమలానికి మాత్రం చెయ్యి రాలేదు. నా దోస్తులు ముస్లింలు, వాళ్లిళ్లల్లోనూ ఇదే మాట.

సన్నిధివీధి:
అది పచ్చి అబద్ధపు ప్రచారం. బీజేపీ పెద్దలే కాదని చెప్పినారు.

కలంకారి:
చెప్పినారు. మా కాలనీకి వచ్చి ఎవరు చెప్పినారు? ఎమ్మెల్యే ఓటు కోసం మూడుసార్లు తిరిగినోళ్లు ఎంపీ ఓటు మాట ఒక్కసారి ఎత్తలేదు. మీరన్నట్టే, ఎవరొస్తే వాళ్లకేం?

టీకొట్టు:
ఇది మాత్రం నిజం. మా వీధిలో కవరిచ్చినోళ్లు కూడా ఎమ్మెల్యే గుర్తే చెప్పి పోయినారు.

ఏర్పేడు బస్సు:
బూత్ వారీ ఓట్లు ఎన్నికల సంఘం ఫారం 20లో ఉంటాయి. కాళహస్తి టౌన్ బూత్‌లలో ఎమ్మెల్యేవి, ఎంపీవి పక్కపక్కన పెట్టుకుంటే ఏ వీధిలో ఎంత తేడా పడిందో తెలుస్తుంది. కాలనీ బూత్‌లలోనేనా, సన్నిధివీధిలో కూడానా అని.

సన్నిధివీధి:
సన్నిధివీధిలో తేడా ఉండదు. ఆ పీడీఎఫ్ నా ఫోన్‌లో తెరుచుకోవడం లేదు, ఎవరైనా చూసి పెట్టండి. ముసలోళ్ల విషయంలో మాత్రం నా మాట నాదే.