చెల్లికి ఎమ్మారైలో రెండు తెల్ల మచ్చలు: ఇది ఎమ్మెస్ అవుతుందా?

మా చెల్లికి 27 ఏళ్లు. నెల క్రితం కుడి కన్ను మసకబారింది, కన్ను తిప్పితే నొప్పి. అద్దం ముందు బొట్టు పెట్టుకుంటూ "అక్కా, ఈ కుంకుమ వెలిసిపోయిందేంటే?" అంది. ఎడమ కన్ను మూసుకుని చూస్తే ఎరుపు ఇటుక రంగులా కనబడుతోందట. ఆప్టిక్ న్యూరైటిస్ (కంటి నరం వాపు) అన్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో చూపు చాలావరకు తిరిగొచ్చింది.

అసలు టెన్షన్ మెదడు ఎమ్మారై చూశాక మొదలైంది, ఇది ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్: ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాము నరాల పై పొరను దెబ్బతీసే జబ్బు) అవుతుందేమోనని. వెంట్రికల్స్ (మెదడు లోపల ద్రవం ఉండే గదులు) పక్కనే రెండు తెల్ల మచ్చలున్నాయి. వెన్నుపాము స్కాన్ ఇంకా తీయలేదు. ఆరు నెలలాగి మళ్లీ స్కాన్ తీద్దామన్నారు డాక్టర్.

అమెరికాలో ఇలాంటి రోగులను 15 ఏళ్లు గమనించిన అధ్యయనం గురించి చదివాను. మొదటి స్కాన్‌లో మచ్చల్లేనివాళ్లలో 25 శాతం మందికి, ఒక్క మచ్చయినా ఉన్నవాళ్లలో 72 శాతం మందికి ఎమ్మెస్ వచ్చిందట. ఆ 72 చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ మిగతా 28 మందిలో మా చెల్లి ఉండాలని దేవుడికి మొక్కుకుంటున్నాను.

ఎమ్మెస్ నిర్ధారణకు డాక్టర్లు వాడే మెక్‌డొనాల్డ్ ప్రమాణాల 2017 రూపంలో, జబ్బు ఎన్ని చోట్ల ఉందో చూసేటప్పుడు కంటి నరాన్ని లెక్కలోకి తీసుకోలేదు, 2024 సవరణలో చేర్చారు. మరి ఆ లెక్కన చెల్లికి ఇప్పుడే నిర్ధారణ అవుతుందా? మచ్చ మధ్యలో సన్నటి సిర కనబడితే ఎమ్మెస్ అనుమానం బలపడుతుందట, అది చూసే స్కాన్ హైదరాబాద్‌లో ఎవరైనా తీయించుకున్నారా? వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయించారా, లేక ఆగి చూశారా? మందులు వెంటనే మొదలుపెట్టినవాళ్లు దయచేసి మీ అనుభవం చెప్పండి. వచ్చే సోమవారం మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.