ఎంపరర్ పెంగ్విన్‌కు ప్రత్యేక రక్షణ: ఏకాభిప్రాయం కుదరకపోతే దారేది?

నమస్కారం. హన్మకొండలో న్యాయశాస్త్రం చదువుతూ, అంటార్కిటికా ఒప్పందాలపై సెమినార్ పత్రం రాస్తున్న నాకు ఒక విషయంలో తెలిసినవారి సహాయం కావాలి.

అంటార్కిటికా పర్యావరణ రక్షణ కోసం 1991లో కుదిరిన మాడ్రిడ్ ప్రోటోకాల్ రెండో అనుబంధం అక్కడి స్థానిక పక్షులను, క్షీరదాలను అనుమతి లేకుండా చంపడాన్ని, పట్టుకోవడాన్ని ఎలాగూ నిషేధిస్తుంది. దానికి మించిన రక్షణ కోసం ‘ప్రత్యేక రక్షిత జాతులు’ అనే జాబితా ఉన్నప్పటికీ, 2006లో ఫర్ సీళ్లను తొలగించాక అందులో రాస్ సీల్ ఒక్కటే మిగిలింది. ఎంపరర్ పెంగ్విన్‌ను చేర్చాలన్న ప్రతిపాదనకు అంటార్కిటికా ఒప్పంద దేశాల 2022 బెర్లిన్ సమావేశంలో దాదాపు అన్ని దేశాలూ మద్దతిచ్చినా, నిర్ణయానికి ఏకాభిప్రాయం తప్పనిసరి కాబట్టి, చైనా ఒప్పుకోకపోవడంతో అది ఆగిపోయింది.

ఈ పక్షి సాధారణంగా తీరానికి అతుక్కుని ఉండే సముద్రపు మంచుపైనే గుడ్డు పొదుగుతుంది. నీరు అంటని ఈకలు రాకముందే ఆ మంచు విరిగితే పిల్లలు మునిగిపోతాయి. అంటే అసలు ముప్పు వేటగాడిది కాదు, వేడిది. అలాంటప్పుడు జాబితాలో చేర్చడం వల్ల, పర్యాటక నౌకలను దూరం పెట్టడం మినహా, ఆచరణలో ఒరిగేదేమిటి? ఏకాభిప్రాయంతో పనిలేకుండా, మన భారత అంటార్కిటిక్ చట్టం, 2022 కింద ఇచ్చే అనుమతులలోనే ఈ పక్షి కోసం అదనపు షరతులు విధించవచ్చా? సంబంధిత సెక్షన్లను ప్రస్తావిస్తూ వివరించగలిగితే కృతజ్ఞుడిని.