అప్‌డేట్: అమ్మ మూతి వంకర సంగతి

పోయిన నెల అడిగినాను గదా, అమ్మకు పొద్దున లేచేసరికి మూతి ఎడమపక్కకు లాగేసింది, కుడికన్ను మూతపడలేదు, పక్షవాతమా అని. కాదు, బెల్స్ పాల్సీ అంట, అంటే ముఖం నరం దెబ్బతిని మొగంలో ఒకపక్క పడిపోయే జబ్బు. కర్నూలు పెద్దాసుపత్రిలో నుదురు ముడెయ్యమన్నారు, కుడిపక్క ముడత పడలేదు. మెదడులో దెబ్బతో వచ్చే పక్షవాతమైతే మామూలుగా నుదురు కదులుతుందంట.

మూడు దినాల్లోపే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టినారు. పసరు పోయిద్దామన్న పెద్దమ్మతో కొట్లాటే అయింది! అసలు తిప్పలంతా కన్నుతోనే. పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు పూసి టేపు. పోయినసారి ఇక్కడ టేపు సంగతి చెప్పిన అక్కకు దండం.

పెండ్లిండ్లకు రానని మొండికేసిన అమ్మకు, ఫిజియోథెరపీ కాడ ఇదే జబ్బుతో వచ్చిన ఆదోనామె కలిసింది. ఇప్పుడు ఇద్దరికీ రోజూ ఫోన్లే.

ఆరు వారాలైంది. కన్ను మూతపడుతోంది. నీళ్లు పుక్కిలిస్తే మాత్రం ఇంకా కారతాయి.