1983లో పెళ్లైన అమ్మకు తాత పొలంలో వాటా ఉందా?

మణికొండ_మనవరాలు:
శంకర్‌పల్లి దగ్గర మా తాతకు నాలుగెకరాల పొలం. వాళ్ల నాన్న నుంచి వచ్చిందే. తాత 2001లో పోయారు, వీలునామా లేదు. అమ్మమ్మ అంతకుముందే పోయింది. ఉన్నది ఇద్దరు మామయ్యలు, మా అమ్మ. ఇప్పుడు వెంచర్ వాళ్లు అడుగుతున్నారు. పోయిన ఆదివారం పెద్ద మామయ్య మిఠాయి డబ్బా తెచ్చి, దాని కిందనుంచి స్టాంపు పేపర్లు తీశాడు. "చెల్లె, ఊకె ఒక సంతకం" అన్నాడు. అమ్మ పెళ్లి 85కు ముందే అయిందట, తాత 2005కు ముందే పోయాడట, అందుకని ఏ చట్టమూ వర్తించదట. అమ్మ పెన్ను కూడా అందుకుంది. కళ్లజోడు నేనే దాచేశాను. ఆయన చెప్పింది నిజమేనా?

ఎల్బీనగర్_వకీల్:
ఒకప్పుడు నిజం. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ హయాంలో వచ్చిన 1986 రాష్ట్ర సవరణ, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకే వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో ఆ పెళ్లి షరతు లేదు. కానీ ఆ రోజుకు తండ్రి బతికుండాలని 2015లో ప్రకాశ్–ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు అంది. మామయ్య అక్కడే ఆగిపోయారు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీలు దాన్ని తోసిపుచ్చారు (వాళ్లలో ఒకరు అబ్దుల్ నజీర్ గారు, తర్వాత ఏపీ గవర్నర్ అయ్యారు). హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి ఎప్పుడు పోయారన్నదానితో పనిలేదు. 2004 డిసెంబర్ 20కి ముందే పంపకమో అమ్మకమో అయిపోయి ఉంటే మాత్రం దాన్ని కదపలేరు.

లెక్క చూడండి. మూడో వంతంటే ఎకరా 13 గుంటలు (40 గుంటలు ఒక ఎకరం). మామయ్య మాటే ఖాయమనుకున్నా సున్నా రాదు: తాతకూ ఇద్దరు కొడుకులకూ పంచితే తాత వాటా మూడో వంతు, అందులో అమ్మకు మూడో వంతు, 17 గుంటల పైమాటే. ఆ కాగితం హక్కు విడుదల పత్రమైతే, సంతకంతో రెండూ పోతాయి.

ఇద్దరక్కల_తమ్ముడు:
మా నాన్న పెద్దక్క పెళ్లికి ఎకరంన్నర అమ్మాడు. ఆ పెళ్లి అప్పు నేను 2012 దాకా కట్టాను. తీర్పులు రాసేవాళ్లకు ఈ లెక్క కనపడదు.

ఎల్బీనగర్_వకీల్:
మీ కష్టం కాదనను తమ్ముడూ. కానీ కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా తీరిపోయినట్టు కాదు.

సైదాబాద్_శారద:
నేను 2021లో పార్టిషన్ దావా వేశాను. 1998లోనే నోటిమాటగా పంచుకున్నామని అన్నయ్యలు రాయించారు. వినీతా శర్మ తీర్పు ప్రకారం నోటి పంపకాన్ని మామూలుగా నమ్మరు, రిజిస్టర్ పత్రమో కోర్టు డిక్రీయో కావాలి. నేను ధీమాగా ఉన్నాను. వాళ్లేమో పాత పహాణీలు (పొలం ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డులు) తెచ్చారు, అందులో ఇద్దరి పేర్లూ వేర్వేరుగా ఎక్కి ఉన్నాయి! అలాంటి సర్కారు కాగితాలు గట్టిగా ఉంటే చూడొచ్చని అదే తీర్పులో ఉంది. నా అడ్వకేట్ ముందే చెప్పాల్సింది. కేసు నడుస్తూనే ఉంది. మణికొండ అమ్మాయీ, ముందు పహాణీలు, ఈసీ (ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించు.

కూకట్‌పల్లి_కిరణ్:
నాన్న తన జీతంతో కొన్న ఫ్లాట్ తమ్ముడికి వీలునామా రాశారు. చెల్లి ఈ తీర్పు చూపిస్తోంది.

ఎల్బీనగర్_వకీల్:
ఈ తీర్పు ఉమ్మడి ఆస్తికి. స్వార్జితం ఆయన ఇష్టం. వీలునామా రాయకుండా పోయుంటే కొడుకుతో సమానంగా కూతురికీ వచ్చేది, అది 1956 నుంచీ ఉన్నదే.

మణికొండ_మనవరాలు:
అప్‌డేట్. పహాణీలు తీశాం. 2001 దాకా తాత పేరే, ఆ తర్వాత మామయ్యలిద్దరిదీ కలిపి ఒకే ఖాతా. పంపకం ఎక్కడా లేదు. అమ్మకు గుంటల లెక్క చెబితే వినట్లేదు. బావి గట్టు మీది చింతచెట్టు ఎవరి భాగంలోకి వస్తుందని అడుగుతోంది. పొలాన్ని భాగాలు చేయడానికి వచ్చే కోర్టు కమిషనర్ అలాంటివి చూస్తారా?

ఎల్బీనగర్_వకీల్:
చూస్తారు. బావినీ చెట్టునూ దావా షెడ్యూల్లో, అంటే ఆస్తుల జాబితాలో, విడిగా రాయించండి.